కుక్క నిలబడిన చోట

"సౌత్ డకోటాలో ఉంటూ ఫెజెంట్ వేటకి పోలేదంటే తిరుపతిలో ఇల్లు కట్టుకుని కొండెక్కనట్టేరా" అని మా బావ ఎప్పుడు ఫోన్ చేసినా దెప్పేవాడు. ఆయన ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో, నేనుండేది సూ ఫాల్స్‌లో. 1981లో సిటీబ్యాంక్ తన క్రెడిట్ కార్డుల వ్యాపారాన్ని ఇక్కడికి తెచ్చినప్పటి నుంచి ఈ ఊళ్ళో బ్యాంకులకీ, వాటి వెనకాలే వచ్చిన నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ కొదవ లేదు. అయితే అక్టోబర్ వచ్చిందంటే ఆఫీసులో ఎవరి నోటా పని మాట వినిపించదు. నారింజ రంగు టోపీలు, కుక్కల ఫొటోలు, ఎవరి పొలం దగ్గర ఎన్ని పిట్టలు కనిపించాయన్న కబుర్లు. సీజన్ మొదలయ్యే శనివారానికి ముందురోజు మా మేనేజరు మీటింగ్ పెట్టిన పాపాన ఎప్పుడూ పోలేదు.

ఫెజెంట్‌ని చూడనివాళ్ళ కోసం చెప్తున్నా. కోడి, నెమలి, కౌజు, ఇదీ ఒకే కుటుంబం పక్షులు. పుంజు మహా డాబుగా ఉంటుంది. తల ఆకుపచ్చా ఊదా కలిసి మెరుస్తుంటుంది. కళ్ళ చుట్టూ ఎర్రటి చర్మం, మెడకి తెల్లటి పట్టీ, ఒళ్ళంతా రాగి రంగు, వెనక మూరెడు తోక. పెట్ట మాత్రం ఎండుగడ్డి రంగులో ఉంటుంది, కాళ్ళ దగ్గరే కూర్చున్నా కనబడదు. ఇంత చేసీ ఈ పిట్ట అమెరికాది కాదు, చైనా నుంచి వచ్చింది. షాంఘైలో అమెరికా కాన్సుల్ జనరల్‌గా పనిచేసిన ఓవెన్ డెన్నీ 1881లో ఒకసారి, 1882లో మళ్ళీ, ఓడల్లో ఆరెగాన్‌కి పంపించాడు. మొదటి విడత పిట్టలు చాలావరకు దారిలోనే పోయాయి, రెండో విడతవి నిలదొక్కుకున్నాయి. సౌత్ డకోటాలో 1908-09 ప్రాంతంలో స్పింక్ కౌంటీలోని రెడ్‌ఫీల్డ్ దగ్గర వదిలినవి బతికి పిల్లల్ని పెట్టాయి. 1919లో ఆ ఒక్క కౌంటీలో, ఒకే ఒక్కరోజు వేటకి అనుమతిచ్చారు. 1943లో రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. అంటే పరాయి దేశం నుంచి వచ్చిన పిట్టకి ముప్పై అయిదేళ్ళలో రాష్ట్ర పక్షి హోదా దొరికింది. మా బావకి గ్రీన్ కార్డు ఇంకా దొరకలేదు.

గ్రీన్ కార్డు మాట ఊరికే తేలేదు. ఇక్కడ తుపాకీకీ వీసాకీ సంబంధం ఉంది. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. అమెరికాలో చట్టప్రకారం తీసుకున్న, గడువు దాటని వేట లైసెన్సు ఉంటే అది ఒక మినహాయింపు. ఇది తెలియకుండానే మనవాళ్ళు చాలామంది స్నేహితులతో షూటింగ్ రేంజికి పోయి, తుపాకీ పట్టుకుని ఫొటోలు దిగి, ఫేస్‌బుక్‌లో పెట్టేస్తుంటారు. చూస్తే నాకే టెన్షన్ వస్తుంది. మా బావ ఈ విషయంలో అతి జాగ్రత్త మనిషి. ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాడు. తర్వాత సౌత్ డకోటా గేమ్, ఫిష్ అండ్ పార్క్స్ అనే వన్యప్రాణి శాఖ సైట్‌లో బయటి రాష్ట్రాల వాళ్ళకిచ్చే స్మాల్ గేమ్ (చిన్న జంతువులు, పిట్టల వేట) లైసెన్సు కొన్నాడు. దాన్ని ప్రింట్ తీసి, ఫోన్‌లో పెట్టుకుని, మా అక్కకి వాట్సాప్‌లో పంపించి, అప్పుడు గానీ విమానం టికెట్ కొనలేదు. ఆ లైసెన్సు సీజనంతా పనికిరాదు. వరసగా అయిదేసి రోజుల చొప్పున రెండు విడతలిస్తారు, తేదీలు మనమే ఎంచుకోవాలి.

ఆ తేదీల దగ్గరే ఇంట్లో గొడవ మొదలైంది. సీజన్ అక్టోబర్ మూడో శనివారం మొదలై జనవరి ఆఖరు దాకా నడుస్తుంది. మొదటి వారాల్లో జనం తాకిడి ఎక్కువ, పైగా మొక్కజొన్న కోతలు అప్పటికి పూర్తికావు. కొయ్యని చేలో దూరిన పిట్టని బయటికి తేవడం ఎవరి తరమూ కాదు. నవంబర్ రెండో శనివారం రమ్మని గైడ్ చెప్పాడు. మా అక్క క్యాలెండర్ తిరగేసి, "కార్తీక మాసంలోనా?" అంది. ఆమె ఆ నెలంతా ఉల్లిపాయ కూడా ముట్టదు.

"శివుడికి దీపాలు పెట్టే నెలలో మీరు పోయి పిట్టల్ని చంపుకొస్తారా? ఇద్దరికీ బుద్ధి లేదా?"

బావ నోరెత్తకుండా నన్ను కాల్‌లో కలిపి, తను మ్యూట్ చేసుకున్నాడు. నేను కొంచెంసేపు తిట్లు తిన్నాక ఒప్పందం కుదిరింది. తెచ్చిన పిట్టలు నా ఫ్రీజర్లో ఉండాలి. పోలి పాడ్యమి దీపాలు వదిలేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. చంపిన పాపం సంగతి ఆమె శివుడికే వదిలేసింది.

వేట అనేది మా ఇంట్లో వినని మాటేం కాదు. మాది పల్నాడు. తాతయ్య చిన్నతనంలో కౌజుల్ని పట్టడం మామూలేనట. పెంచిన కౌజుని పంజరంలో పెట్టి చేలగట్టు మీద ఉంచితే అది కూసేది. ఆ కూతకి పోట్లాటకొచ్చిన అడవి కౌజులు చుట్టూ పెట్టిన ఉచ్చుల్లో పడేవి. పంజరంలో పిట్టని దీమం అనేవాళ్ళు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అలాంటివన్నీ నేరాలయ్యాయి, కావాల్సిందే కూడా. అందుకే వేటగాళ్ళ డబ్బుతో పిట్టల్ని పెంచుతారు అని ఇక్కడివాళ్ళు చెప్తే మొదట్లో నాకు మింగుడుపడలేదు. లైసెన్సుతో పాటు హ్యాబిటాట్ స్టాంప్ అని ఇంకోటి కొనాలి. దాని డబ్బు వన్యప్రాణులుండే నేలల, చెరువుల బాగుకి పోతుంది. తుపాకులూ తూటాల అమ్మకాల మీద 1937 చట్టం కింద వసూలుచేసే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళ్తుంది. కాల్చనిచ్చేది కూడా పుంజుల్నే, మనిషికి రోజుకి మూడు. ఒక పుంజు చాలా పెట్టలతో కలుస్తుంది కాబట్టి కొన్ని పుంజులు పోయినా మరుసటి ఏడాది పిల్లలు తగ్గవు. పిట్టల సంఖ్య ఎక్కువగా ఆధారపడేది చలికాలం ఎలా గడిచింది, వసంతంలో గూళ్ళు పెట్టుకోను గడ్డి మిగిలిందా అన్నదాని మీద. ఈ లెక్క అర్థమయ్యాక నా మనసు కొంత కుదుటపడింది. మా అక్కకి మాత్రం పడలేదు.

గైడ్‌ని వెతకడంలో ఒక విషయం చూసుకోవాలి. ఇక్కడ ప్రిజర్వ్ అని లైసెన్సు ఉన్న వేట స్థలాలుంటాయి. వాటిలో షెడ్లలో పెంచిన పిట్టల్ని తెచ్చి పొలాల్లో వదులుతారు. వాటి సీజను కూడా వేరు, సెప్టెంబర్ నుంచి మార్చి ఆఖరు దాకా. కొత్తవాళ్ళకీ, పిల్లలకీ, తక్కువ టైం ఉన్నవాళ్ళకీ అది సుఖమే. నాకెందుకో మనసొప్పలేదు. పిట్టకి తప్పించుకునే విద్య తెలిసుండాలి, లేకపోతే అంతదూరం పోయి చేసేదేముంది? వెతగ్గా వెతగ్గా, రెడ్‌ఫీల్డ్ దగ్గర సొంత పొలంలోనే అడవి పిట్టల్ని వేటాడించే ఒక రైతు దొరికాడు. మనిషికి రోజుకి 400 డాలర్లు. తిండీ, పడకా మనవే. కుక్కలు ఆయనవి.

శుక్రవారం సాయంత్రం బావని ఎయిర్‌పోర్టులో ఎక్కించుకుని ఐ-29 మీద వాటర్‌టౌన్ దాకా, అక్కడి నుంచి 212 మీద పడమరకి పోయాం. క్లార్క్, డోలండ్ దాటాక దారంతా చీకటి. డోలండ్ చిన్న ఊరే కానీ ఒకప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ పెరిగింది అక్కడే. రెడ్‌ఫీల్డ్ మోటల్లో మనుషులకంటే కుక్కలే ఎక్కువున్నాయి. గదిలో పిట్టల్ని శుభ్రం చేయకండి అని బాత్రూం తలుపుకి నోటీసు అంటించారు. బావ దాన్ని ఫొటో తీసి అక్కకి పంపించబోతుంటే ఫోన్ లాక్కున్నాను.

ఫెజెంట్ వేట పొద్దున్నే లేచి పరిగెత్తేది కాదు. పది గంటల తర్వాతే కాల్చాలి, సూర్యాస్తమయానికి ఆపేయాలి. తొమ్మిదిన్నరకి పొలం గేటు దగ్గర గైడ్ కలిశాడు. డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు, పెద్దగా మాట్లాడడు. పికప్ ట్రక్కు వెనక మూడు పెట్టెల్లో మూడు కుక్కలు. రూబీ నల్ల లాబ్రడార్, మూతి చుట్టూ తెల్లబడింది. హాంక్ జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, ఒంటి నిండా గోధుమరంగు చుక్కలు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. టిల్లీ కూడా ఆ జాతిదే, దానికిది మొదటి సీజను.

కుక్కల్ని దించేముందు మా ఇద్దరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. సౌత్ డకోటాలో ఈ వేటకి నారింజ రంగు వేసుకోవాలని చట్టమేమీ లేదు, కానీ ఆయన దగ్గర టోపీ, జాకెట్ రెండూ లేకుండా ఎవరూ పొలంలో దిగకూడదు. పిట్ట లేచేదాకా తుపాకీ సేఫ్టీ తీయకూడదు. ముళ్ళకంచె దాటేటప్పుడు తూటాలు తీసేసి, తుపాకీ మడిచి పట్టుకోవాలి. నేల మీద పరిగెత్తే పిట్టని కాల్చకూడదు. పిట్టకీ నేలకీ మధ్య ఆకాశం కనిపిస్తేనే ట్రిగ్గర్ నొక్కాలి. "పిట్ట తప్పిపోతే ఇంకో పిట్ట దొరుకుతుంది, నాకు ఇంకో రూబీ దొరకదు" అన్నాడు. పక్కకి తిరిగి కాల్చడం గురించి మరీ మరీ హెచ్చరించాడు. 2006లో ఉపాధ్యక్షుడు డిక్ చేనీ టెక్సాస్‌లో కౌజుల వేటకి పోయి, లేచిన పిట్ట వెంట తుపాకీ తిప్పి తోటి వేటగాడి ముఖాన కాల్చింది ఇలాగేనని నాకు గుర్తొచ్చింది. బావకి చెప్పలేదు, ఆయన అప్పటికే చెమటలు కక్కుతున్నాడు.

మొదట దిగింది నడుమెత్తు గడ్డిలో. దీన్ని సీఆర్‌పీ (కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రాం) గడ్డి అంటారు. 1985 ఫార్మ్ బిల్లుతో వచ్చిన పథకం ఇది. కోతకి గురయ్యే నేలని పదేళ్ళో పదిహేనేళ్ళో దున్నకుండా గడ్డికి వదిలేస్తే ప్రభుత్వం రైతుకి ఏటా కౌలు కడుతుంది. మొక్కజొన్న ధర పెరిగినప్పుడు గడువు తీరిన గడ్డిని రైతులు మళ్ళీ దున్నేస్తారు, దాంతో పాటే పిట్టలూ తగ్గుతాయి. గైడ్ ఆ గడ్డిని అడ్డంగా నడవనివ్వలేదు. గాలి వాయవ్యం నుంచి వస్తోందని, పొలం చుట్టూ తిప్పి ఆగ్నేయం మూలకి తీసుకెళ్ళాడు. అలా అయితే కుక్కల ముక్కులకి గాలి ఎదురొస్తుంది. ట్రక్కు తలుపులు చప్పుడు కాకుండా మూయమన్నాడు. తలుపు ధడేల్‌మంటే అవతలి గట్టున పిట్టలు లేచిపోతాయట.

హాంక్ దిగీ దిగగానే మా నుంచి దూరంగా పోయింది. కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి, గాలిని అడ్డంగా కోసుకుంటూ తిరుగుతుంది. గడ్డిలో తల కనబడదు, మెడకున్న జీపీఎస్ పట్టీ చెప్పినదాన్ని గైడ్ చేతిలో పరికరం మీద చూసుకుంటుంటాడు. పావుగంట నడిచామో లేదో, గైడ్ చెయ్యెత్తాడు. హాంక్ ఆగిపోయింది. ముందుకాలొకటి మడిచి, తోక బిగుసుకుని, ముక్కు నేరుగా గడ్డిపొద మీద గురిపెట్టి. ఏ జంతువైనా ఎర మీద దూకేముందు ఒక్క క్షణం బిగుసుకుంటుంది కదా, మనుషులు తరతరాలుగా ఏరి ఏరి పెంచి ఆ క్షణాన్ని నిమిషాలకి సాగదీశారు. అంత ఆకలిగా వాసన చూస్తున్న జంతువు దూకకుండా మా కోసం కాచుకుని ఉంది. ఇందులో మరీ వింత, వెనకాల ముప్పై గజాల దూరంలో ఉన్న టిల్లీ కూడా ఆగిపోయింది. దానికి వాసన తగల్లేదు. హాంక్ నిలబడటం చూసింది, అంతే. ముందున్న కుక్క మాటని గౌరవించడం అంటారు దీన్ని ఇక్కడివాళ్ళు. మొదటి సీజన్ కుక్క అలా ఆగినందుకు గైడ్ ముఖం వెలిగిపోయింది. పొద్దుటి నుంచి ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

మేం ఇద్దరం అటొకరు ఇటొకరు ముందుకి నడిచాం. నా కాలి ముందు నుంచే లేచింది. ఆ రెక్కల చప్పుడుకి గుండె గొంతులోకొచ్చింది. "హెన్! హెన్!" అని గైడ్ కేక. పెట్ట కాబట్టి తుపాకీలు దించేశాం. హాంక్ మాత్రం కదల్లేదు. గైడ్ చెయ్యి దించలేదు. ఇంకో రెండడుగులు వేసేసరికి అదే పొదలోంచి పుంజు, కొక్కొక్కొక్ అని అరుచుకుంటూ నిట్టనిలువునా లేచింది. "రూస్టర్!" బావ రెండు గొట్టాలూ కాల్చేశాడు. పుంజు నింపాదిగా గాలివాటానికి తిరిగి, అర మైలు అవతల దిగింది. హాంక్ తల తిప్పి బావ వంక చూసింది. గైడ్ ఏమీ అనలేదు గానీ ఆ చూపు ఆయనకీ అర్థమైనట్టే ఉంది.

"అందరూ తోకని చూసి కాలుస్తారు" అన్నాడు తర్వాత నడుస్తూ. "పిట్ట పొడవులో సగం తోకే. మెడ మీద తెల్లపట్టీని చూడండి."

ఆ తర్వాత బావకి ఒకటి పడింది, నాకూ ఒకటి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. వేట కబుర్లలో ఎక్కువమంది తుపాకీ గురించే మాట్లాడతారు. పన్నెండు గేజా, ఇరవై గేజా, ఏ నంబరు గుళ్ళు, ఏ చోక్ అని గంటలు గంటలు. పొలంలో చూస్తే తుపాకీ పని రెండు సెకన్లు. మిగతా అయిదారు గంటలూ కుక్కదీ, కుక్కని చదవగలిగిన మనిషిదీ. మేం కట్టిన 400 డాలర్లు కూడా నా దృష్టిలో దానికే.

మధ్యాహ్నం దిగింది జొన్నచేలో. నిజంగా జొన్నే. పిట్టల తిండికని పొడుగ్గా నాలుగైదు బారల వెడల్పున పట్టీలు పట్టీలుగా వేసి కొయ్యకుండా వదిలేస్తారు. వీళ్ళు దాన్ని మైలో అంటారు. మన జొన్నంత ఎత్తు ఎదగదు, నడుము దాకా ఉంటుంది, కంకి మాత్రం అదే. బావ ఒక కంకి నలిపి గింజలు ఊదుకుని నోట్లో వేసుకుని, "మాచర్ల సంతలో ఉన్నట్టుందిరా" అన్నాడు. ఇక్కడ పాయింటర్లు పెద్దగా పనికిరావు. జొన్న కింద నేల ఖాళీగా ఉంటుంది కాబట్టి పిట్టలు నిలవకుండా సాళ్ళ వెంట పరిగెత్తేస్తాయి. ఫెజెంట్‌కి ఎగరడం కంటే పరుగే ఇష్టం. అందుకని ఒకరు పట్టీ చివర కదలకుండా కాపు కాయాలి, మిగతావాళ్ళు ఇవతల నుంచి కుక్కతో తోలుకుంటూ రావాలి. బావని చివర నిలబెట్టి, నేనూ గైడూ రూబీతో బయల్దేరాం.

రూబీ పద్ధతి వేరు. అది నిలబడదు, ముక్కు నేలకి ఆనించి పిట్ట వెంటే పోయి లేపుతుంది. తుపాకీకి అందేంత దూరంలోనే పనిచెయ్యాలి, ఒక్క విజిల్‌కి ఆగిపోవాలి. "తోక చూడు" అన్నాడు గైడ్. మామూలుగా అటూ ఇటూ ఊగే తోక ఒక్కసారిగా గిరగిరా తిరగడం మొదలుపెట్టింది, అడుగు వేగం పెరిగింది. పట్టీ చివరికొచ్చేసరికి అటుపోను దారిలేక పిట్టలన్నీ ఒక్కసారే లేచాయి. హెన్, హెన్, రూస్టర్, హెన్, రూస్టర్ అని గైడ్ అరుస్తూనే ఉన్నాడు. బావ తుపాకీ పేలింది. పుంజొకటి రెక్క వాలి కిందపడింది, పడీ పడగానే లేచి జమ్ము పెరిగిన చెరువు వైపు పరుగెత్తింది.

రూబీ పిట్ట పడినచోట ఒక చుట్టు చుట్టి, మేం చూసిన దిక్కుకి కాకుండా ఎడమకి తిరిగింది. పిట్ట పరుగెత్తింది కుడికి, నేను కళ్ళారా చూశాను. "అటు కాదు, ఇటు" అని చెయ్యి చూపించబోయాను. గైడ్ నా చెయ్యి పట్టుకుని దించాడు. "దానికి ముక్కుంది. నీకు లేదు." రూబీ ఎడమ గట్టు దాకా పోయి, గట్టు వెంబడి చుట్టు తిరిగి, జమ్ములోకి దిగింది. కాసేపు జమ్ము ఊగడం కనిపించింది, తర్వాత అదీ లేదు. బావ గిల్టీగా నిలబడ్డాడు. గాయపడిన పిట్టని వదిలేసి పోవడమంటే ఇక్కడ వేటగాళ్ళు చాలా నామోషీగా చూస్తారు. కుక్క లేకుండా ఫెజెంట్ వేటకి పోయేవాళ్ళంటే నాకు గౌరవం లేకుండాపోయింది ఆ కాసేపట్లోనే. మనుషులం ఎంతమందిమి వెతికినా ఆ జమ్ములో దొరికేది కాదు. రూబీ చాలాసేపటికి వచ్చింది, మోకాళ్ళదాకా బురదతో, నోట్లో పుంజుతో. పిట్ట బతికే ఉంది, తల ఎత్తి చూస్తోంది. అంత పరుగు తర్వాత కూడా ఒక్క పన్ను గాటు లేదు. రూబీ గైడ్ చేతిలోనే పెట్టింది. ఆయన ఒక్క తిప్పుతో మెడ విరిచేశాడు. బావ ముఖం తిప్పుకున్నాడు. కోడిని కోయించుకుని కవర్లో తెచ్చుకోవడానికి అలవాటుపడిన చేతులు మావి.

ఆ తర్వాత నేను తుపాకీని ట్రక్కులో పెట్టేసి గైడ్ పక్కన ఊరికే నడిచాను. పశ్చాత్తాపమేం కాదు. తుపాకీ చేతిలో ఉంటే కళ్ళు ఆకాశం వైపే పోతాయి, చూడాల్సింది కిందుంది. సాయంత్రం నాలుగు దాటాక మేత ముగించుకున్న పిట్టలు పడుకోవడానికి చేలల్లోంచి గడ్డిలోకొస్తాయి. వేటకి అదే మంచి సమయమని ఇక్కడ అందరూ అంటారు. టిల్లీ తనంతట తను ఒక పుంజు దగ్గర నిలబడింది, వెనక కాళ్ళు వణుకుతున్నా కదల్లేదు. బావ ఈసారి తెల్లపట్టీనే చూశాడు. మూడో పిట్టతో ఆయన కోటా అయిపోయింది.

ట్రక్కు దగ్గరికొచ్చాక మాకు కాఫీ ఫ్లాస్కు ఇచ్చి, గైడ్ తన కుక్కల పనిలో పడ్డాడు. ముందు నీళ్ళు. తర్వాత ఒక్కొక్కదాన్నీ ట్రక్కు వెనక తలుపు మీద పడుకోబెట్టి కాలివేళ్ళ సందులు, చంకలు, చెవులు, కనురెప్పల లోపల వెతికాడు. ఇక్కడి ఫాక్స్‌టెయిల్ గడ్డి గింజకి వెనక్కి రాని నూగుంటుంది. చర్మంలో దిగిందంటే లోపలికే పోతుంటుంది, పట్టించుకోకపోతే ప్రాణం మీదికి తెస్తుంది. ముళ్ళపందుల ముళ్ళు లాగడానికి జేబులో ఫోర్సెప్స్ ఎప్పుడూ ఉంటాయి. 2003లో సీజన్ మొదటి వారాంతం ఎండలు మండిపోయి, ఈ రాష్ట్రంలో చాలా వేట కుక్కలు వడదెబ్బకి చనిపోయాయి. అందుకే అక్టోబర్లో వేడిగా ఉంటే ఈయన బుకింగులు రద్దు చేసి డబ్బు వాపసు ఇచ్చేస్తాడు. ముగ్గురి సంగతీ చూసుకున్నాకే తను కాఫీ పోసుకున్నాడు. టిప్ ఇస్తుంటే బావ మాట తడబడి, "ఫర్ ద డాగ్స్" అన్నాడు. ఆయనకది నచ్చినట్టే ఉంది.

పిట్టల్ని శుభ్రం చేయడం పొలం పక్క షెడ్డులోనే. కాలి మీద ముల్లుని చూసి వయసు చెప్పొచ్చు. ఈ ఏడాది పుంజుకి చిన్నగా, మొద్దుగా ఉంటుంది, ఏడాది దాటినదానికి నల్లగా, పదునుగా పొడుచుకొస్తుంది. రూబీ తెచ్చింది ముదురుది. పుంజే అని తనిఖీలో తెలియడానికి తలో, రెక్కో, కాలో ఒకటి వదలాలి, ఇంటికి చేరేదాకా దాన్ని కొయ్యకూడదు. మేం కాలు ఉంచాం.

థాంక్స్ గివింగ్‌కి కూలర్ పెట్టెని చెకిన్ లగేజీలో వేసుకుని డాలస్ వెళ్ళాను. పోలి పాడ్యమి అప్పటికే వెళ్ళిపోయింది, అక్కకి ఇక అభ్యంతరం లేదు. కాళ్ళున్న కవరు తెరిచినప్పుడు మాత్రం ముక్కు చిట్లించింది. ఇక్కడి వంటల్లో ఫెజెంట్‌ని క్రీమ్‌లో ఉడికిస్తారు, అది మనకి సయించదు. రొమ్ము మాంసం ఎక్కువసేపు ఉంచితే పీచైపోతుంది కాబట్టి దాన్ని పల్చగా కోసి, మిరియాలూ కరివేపాకుతో చివర్లో వేపింది. తొడల్లో గట్టి నరాలుంటాయి, వాటిని నాటుకోడికి పట్టినట్టే ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద పట్టించి కుక్కర్లో పెట్టింది. మామూలు కోడి కంటే రెట్టింపు విజిల్స్ పట్టాయి. వేపుడు పర్లేదు. పులుసు మాత్రం సంగటితో పెట్టాల్సిన సరుకు.

పిల్లలు పులుసు కంటే టిల్లీ వీడియోలే ఎక్కువసార్లు అడిగి చూశారు. గుళ్ళన్నీ ఏరేశానని బావ ఒట్టేసి మరీ అందరికీ వడ్డించాడు. తన రెండో ముద్దలోనే పన్నుకింద టక్‌మంది. వేలితో తీసి పళ్ళెం అంచున పెట్టాడు, ఆవగింజంత సీసపు గుండు.

"కార్తీకంలో కొట్టారుగా, ఆ మాత్రం ఉంటుంది" అని అక్క ఇంకో ముక్క వేసింది.